రోస్టర్‌లో లేని ఇల్లు

తెలుగులో నర్సుని పిలవడానికి రెండు మాటలున్నాయి. ఆస్పత్రిలో ‘సిస్టర్’, ఊళ్ళో ‘నర్సమ్మ’. గుంటూరు పెద్దాసుపత్రి వార్డులో “సిస్టర్, సెలైన్ అయిపోయింది” అని కేకేసిన మనిషే, ఇంటికెళ్ళాక “నర్సమ్మ వచ్చిందా ఈ వారం?” అని పక్కింటివాళ్ళని అడుగుతాడు. ఆ తేడాని అతనూ పట్టించుకోడు, మనమూ పట్టించుకోం. కానీ మొదటి మాట సన్యాసినుల నుంచీ, ఇంగ్లీషు ఆస్పత్రుల హోదాల నుంచీ వచ్చింది, పెళ్ళి చేసుకోని స్త్రీలు మోసుకొచ్చిన మాట. రెండోదాని చివర ‘అమ్మ’ ఉంది. పెళ్ళై, చంటిపిల్లతో, ఇరవయ్యేళ్ళ వయసులో నర్సు ఉద్యోగం చేసే ఒక మామూలు అమ్మాయి రోజు ఈ రెండు మాటల మధ్య గడుస్తుంది.

నాకు అర్థమైనంతవరకు ఈ ప్రాంతంలో నర్సు ఉద్యోగానికి రూపం ఇచ్చినవాళ్ళు పెళ్ళి కాని స్త్రీలు. దాన్ని వాళ్ళ జీవితాలకు సరిపోయేలా తయారుచేశారు. అందులో తప్పేమీ లేదు. తర్వాత వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, కానీ ఉద్యోగం అచ్చు మాత్రం పాతదే. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డీఫాల్ట్ అంటాం. ఎవరూ ఏమీ రాయకపోతే సిస్టమ్ తనంతట తాను అనుకునే విలువ. నర్సుల రోస్టర్‌లో డీఫాల్ట్ మనిషికి హాస్టల్ గది ఉంటుంది, ఇల్లు ఉండదు.

*

మిషన్ ఆస్పత్రులు రాకముందు పరిస్థితి దీనికి తలకిందులుగా ఉండేది. కాన్పు చేసేది మంత్రసాని. ఆమె పిల్లల్ని కన్న మనిషే అయ్యుండాలి. తనకి తెలియని నొప్పిని ఇంకొకరి దగ్గర ఎలా పట్టుకుంటుంది అన్నది ఊరి తర్కం. చాలాచోట్ల ఆమె మంగలి, మాదిగ కులాల స్త్రీ. పురిటింట్లోకి రానిస్తారు, పని అయ్యాక దూరం పెడతారు. ఆ పనికి కొలత అనుభవమే తప్ప చదువు కాదు. ఆ అనుభవంలో పెళ్ళీ పిల్లలూ భాగం.

1883లో ఆన్నా సారా కుగ్లర్ గుంటూరు వచ్చారు. పెన్సిల్వేనియాలో పుట్టి, అక్కడి మహిళా వైద్య కళాశాలలో చదివిన డాక్టరు. అప్పటికి ఆమెకి 27 ఏళ్ళు. లూథరన్ మిషన్ ఆమెని ముందు వైద్యం కోసం పంపలేదు. పరదా చాటున ఉండే స్త్రీల మధ్య పనిచేయమనీ, చదువు చెప్పమనీ పంపింది. ఆమె వెంట తెచ్చుకున్న మందులతోనే వైద్యం మొదలుపెట్టారు, రెండేళ్ళకి మిషన్ కూడా ఒప్పుకుంది. 1898లో ఆస్పత్రి తెరిచారు. ఇవాళ్టికీ గుంటూరులో దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. 1890ల్లోనే కేథరిన్ ఫాస్ అనే నర్సు వచ్చి ఆమెతో చేరారు. డాక్టరుగా మేరీ బేర్ వచ్చారు. మిషన్ మహిళా సంఘం పంపిన ఈ ముగ్గురూ పెళ్ళి చేసుకోలేదు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే చనిపోయారు.

1904లో కేథలిక్ జేఎంజే సిస్టర్లు గుంటూరు వచ్చారు. సెయింట్ జోసెఫ్ ఆస్పత్రి వాళ్ళది. ఇక్కడైతే పెళ్ళి కాకపోవడం వ్రతమే. అంటే ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి గుంటూరులో ఆడవాళ్ళు నర్సు పని నేర్చుకోగల రెండు పెద్ద చోట్లలోనూ నేర్పేవాళ్ళకి ఇల్లూ ఆస్పత్రీ ఒకటే. గంట కొడితే లేస్తారు, ప్రార్థన చేస్తారు, వార్డుకెళ్తారు, మళ్ళీ అదే ఆవరణలో నిద్రపోతారు. రాత్రి డ్యూటీ వాళ్ళకి ప్రత్యేకమైన కష్టం కాదు. ఎక్కడినుంచో ఎక్కడికో పోవాల్సిన పని లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరు? ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. అది 1876-78 కరువు కాలం. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఆ కుటుంబాల ఆడపిల్లలు మిషన్ బోర్డింగు స్కూళ్ళలో చదువుకున్నారు. చదువు తర్వాత వాళ్ళ ముందున్న దారులు రెండే రెండు, టీచరు లేదా నర్సు. అగ్రకులాల ఇళ్ళలో మలమూత్రాలు ముట్టుకునే పని మైల. మగ రోగుల్ని ముట్టుకోవడం ఇంకా పెద్ద తప్పు. అందుకని ఆ పోటీలోకి వాళ్ళు చాలాకాలం రాలేదు. దళిత క్రైస్తవ ఇళ్ళకి మాత్రం ఈ ఉద్యోగం తెల్లబట్టలు, నెల జీతం, పేరు వెనక ‘గారు’ తెచ్చిపెట్టింది. ఆ ఇళ్ళలో కూతురు నర్సు కావడం ఒక తరం మొత్తం పైకి రావడం. అలాంటి ఉద్యోగాన్ని పెళ్ళైందని వదిలేయడం ఆ ఇళ్ళకి కుదరని పని.

అదీ చిక్కు. నేర్పినవాళ్ళకి అది దేవుడి పిలుపు. నేర్చుకున్నవాళ్ళకి అది ఇంటికి అన్నం. పిలుపు కోసం ఇల్లు వదులుకోవచ్చు. అన్నం కోసం ఇల్లు వదులుకోలేం కదా, ఇంటికోసమే ఆ అన్నం.

*

ఇది గుంటూరుకే ప్రత్యేకం కాదు. లండన్‌లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీద 1860లో మొదలైన స్కూలు నమూనా ప్రపంచమంతా పాకింది. హాస్టల్లో ఉండాలి, మేట్రన్ అనుమతి లేకుండా గేటు దాటకూడదు, పెళ్ళి చేసుకుంటే పేరు కొట్టేస్తారు. మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1871లో శిక్షణ మొదలైనా, 1926లో మద్రాసు రాష్ట్రం నర్సుల, మంత్రసానుల రిజిస్ట్రేషన్ చట్టం చేసినా, శిక్షణ అచ్చు అదే. స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలా నర్సింగ్ స్కూళ్ళ ప్రకటనల్లో ‘అవివాహితలు మాత్రమే’ అన్న మాట మిగిలిపోయింది.

దేశానికి నర్సులు ఎక్కువై ఇలా వడపోశారనుకుంటే పొరపాటు. 1946లో భోర్ కమిటీ లెక్క కట్టినప్పుడు దేశంలో సుమారు 7,000 మంది నర్సులున్నారు. అంటే 43,000 మందికి ఒక్కరు. అదే ఏడాది గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైంది. పల్నాడు నుంచీ, ఒంగోలు వైపు నుంచీ రోగులు గుంటూరు పెద్దాసుపత్రికి రావడం పెరిగింది. మంచాలు పెరిగాయి. మిషన్ ఆవరణ దాటి నర్సు సర్కారు ఉద్యోగి అయింది. ఊళ్ళో అద్దె ఇల్లు, భర్త, అత్తమామలు, పిల్లలు అన్నీ వచ్చాయి. డ్యూటీ పట్టిక మాత్రం కాన్వెంటు గంట లాగే మోగుతూ ఉంది.

మన ఊహలో కూడా నర్సుకి పెళ్ళి కాలేదు. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ సినిమా గుర్తుందా? బుచ్చిబాబు నవల కాదు, బెంగాలీ ‘దీప్ జ్వెలే జాయ్’ ఆధారంగా తీసిన సినిమా. అందులో నర్సుగా వేసింది గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి. మనసు చెదిరిన రోగులకి ప్రేమ నటించి నయం చేయడం ఆ నర్సు పని. చివరికి ఆమె మనసే చెదురుతుంది. సావిత్రి నటనని ఎంత మెచ్చుకున్నా ఒకటి గమనించాలి. ఆ కథ నడవాలంటే ఆమెకి ఇల్లు ఉండకూడదు. డ్యూటీ దిగి మొగుడికి కేరేజీ కట్టే నర్సు మీద కథ నడపడం మన సినిమాకి చాతకాలేదు. పెళ్ళైన నర్సు తెర మీద కనిపిస్తే ఇంజెక్షన్ పట్టుకుని వెనక నిలబడుతుంది, అంతే.

సైన్యం ఈ ఊహని రూలుగా రాసుకుంది. 1977 నాటి ఒక ఆర్మీ ఉత్తర్వు ప్రకారం మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పెళ్ళి చేసుకోవడం ఉద్యోగం పోగొట్టడానికి ఒక కారణం. సికింద్రాబాద్ మిలిటరీ ఆస్పత్రిలో లెఫ్టినెంటుగా చేరిన సెలీనా జాన్, 1988లో ఒక ఆర్మీ అధికారిని పెళ్ళాడినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. పెళ్ళికొడుకు ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ ఉత్తర్వుని 1995లో వెనక్కి తీసుకున్నారు. ఆమె కేసు తేలింది మాత్రం 2024 ఫిబ్రవరిలో. స్త్రీ పెళ్ళి చేసుకుందని ఉద్యోగం తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పి, 60 లక్షల పరిహారం ఇమ్మంది. 36 ఏళ్ళు పట్టింది. ఆ తీర్పు చదివి మనం ‘ఎంత పాతకాలపు రూలు’ అనుకున్నాం. రాసి పెట్టిన రూలు కాబట్టి కొట్టేయగలిగారు. ఎవరూ రాయని రూలుని ఏ కోర్టులో కొట్టేయిస్తాం?

*

ఇప్పుడు ఊరి వైపు వెళ్దాం. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుల తర్వాత ఏఎన్ఎంలు మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్లయ్యారు. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, నర్సమ్మే. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక సబ్‌సెంటర్, దానికి ఒక నర్సమ్మ. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకి శిక్షణ పూర్తి చేసుకుని వచ్చిన పిల్ల. ఇంటింటికీ తిరిగి గర్భిణుల పేర్లు రాయాలి, టీకాలు వేయాలి, కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడాలి.

అరుగు మీద కూర్చున్న పెద్దావిడ అడిగే మొదటి ప్రశ్న: “ఏమ్మా, నీకెంతమంది పిల్లలు?”

ఇంకా పెళ్ళి కాలేదంటే మాట అక్కడితో ఆగిపోతుంది. కాపురం చేయని పిల్ల కాపురం గురించి ఏం చెబుతుంది? మంత్రసానిని కొలిచిన పాత కొలతే ఇది. ఊరికి పెళ్ళైన నర్సు కావాలి. మెళ్ళో తాళి, చంకలో బిడ్డ ఉంటే సర్టిఫికెట్టు కంటే ఎక్కువ పనిచేస్తాయి. పైగా పెళ్ళి కాని పిల్ల సబ్‌సెంటర్ గదిలో ఒంటరిగా ఉంటే ఊరి నోళ్ళు ఊరుకోవు.

చూడండి, ఒకే ఉద్యోగం, ఒకే శాఖ. ఆస్పత్రి రోస్టర్‌కి ఇల్లు లేని మనిషి కావాలి. ఊరికి ఇల్లున్న మనిషి కావాలి. కానీ ఆ ఇల్లున్న మనిషి కూడా సబ్‌సెంటర్ ఉన్న ఊళ్ళోనే కాపురం ఉండాలని శాఖ రూలు. భర్త చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులోనో, గుంటూరులో కోల్డ్ స్టోరేజీలోనో పనిచేస్తుంటే ఆ కాపురం ఎక్కడుంటుంది? చాలామంది పొద్దున మొదటి బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం ఆఖరి బస్సుకి తిరిగొచ్చారు. ‘హెడ్‌క్వార్టర్‌లో ఉండదు’ అనేది నర్సమ్మ మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదు.

కుటుంబ నియంత్రణలో ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసేవరకు ఏడాదికి ఇన్ని ఆపరేషన్లని నర్సమ్మ పేరు మీద అంకె ఉండేది. ఆంధ్రలో ఆ పని ఎంత గట్టిగా జరిగిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. వాళ్ళని ఒప్పించి, ఆస్పత్రికి తీసుకెళ్ళి, కుట్లు విప్పేదాకా తిరిగింది వాళ్ళ వయసు ఆడమనిషే. “నువ్వు చేయించుకున్నావా?” అన్న ప్రశ్నకి ఆమె తన ఒంటితో జవాబు చెప్పాలి. తన పిల్లల సంఖ్య, తన ఆపరేషన్ ఊరందరికీ తెలిసిన సంగతులు. ఇంకే సర్కారు ఉద్యోగి కాపురం ఇలా ఉద్యోగంలో భాగమైంది?

పైరు కూడా ఆమె వేళల్ని రాసింది. ఈ నల్లరేగడిలో ఆడవాళ్ళు ఇంటి దగ్గర దొరికేది తెల్లవారుజామునా, పొద్దుగూకాకా. పత్తి తీతలు, ఆ తర్వాత జనవరి నుంచి మిరప కోతలు. మిరప కోతలకి వేరే జిల్లాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకుంటాయి. ఆ గర్భిణుల పేర్లు ఈ ఊరి రిజిస్టర్‌లో ఉండవు, పిల్లల టీకాల కార్డులు సొంతూళ్ళో ఉంటాయి. తొడిమలు తీసే చోట ఘాటుకి దగ్గుతూ కూర్చున్న ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి బీపీ చూడాలి. అంటే నర్సమ్మ తన ఇంట్లో పిల్లలు లేచే వేళకీ, అన్నం తినే వేళకీ ఇంకొకరి గడపలో ఉండాలి. ఆఫీసు టైము 10 నుంచి 5 అని కాగితం మీద రాయొచ్చు. మిరప చేను ఆ కాగితం చదవదు.

*

మళ్ళీ గుంటూరు, రాత్రి.

సర్కారు ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి ఇది: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. పగటి షిఫ్టులు ఆరేసి గంటలు, రాత్రి షిఫ్టు పన్నెండు గంటలు. రాత్రి పని తక్కువ ఉంటుందన్నది దీని వెనక ఊహ.

పత్తి నేలలో ఆ ఊహ నిలబడదు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. అప్పటి నుంచీ పురుగుమందు కేసు ఇక్కడి అత్యవసర విభాగాలకి అలవాటైన సంగతి. కొందరు అప్పుల బాధతో వస్తారు, కొందరు మందు కొడుతూ గాలి ఎదురు తిరిగి పడిపోయి వస్తారు. మోనోక్రోటోఫాస్ లాంటి మందైతే నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొన అంత. ముందు బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడగాలి. తర్వాత అట్రోపిన్. డాక్టరు రాసి పక్క మంచానికి వెళ్తాడు. కొన్ని నిమిషాలకోసారి పాప చూసి, నాడి చూసి, ఛాతీలో గురగుర తగ్గిందో లేదో విని, మళ్ళీ ఎక్కించాలా అని చెప్పాల్సింది నర్సు. తక్కువైతే ఊపిరి ఆగుతుంది, ఎక్కువైతే రోగి మతి తప్పి సెలైన్ పీకేస్తాడు. తెల్లారేదాకా ఇదే. బయట వరండాలో అతని భార్య కూర్చుని ఉంటుంది, చాలాసార్లు ఆమెకీ నర్సుకీ ఒకటే వయసు.

పొద్దున 8కి ఈమె డ్యూటీ దిగుతుంది. అక్కడ రెండో షిఫ్టు మొదలు. రాత్రంతా మేల్కొన్న మనిషి పగలు నిద్రపోవాలని తెలిసిన ఇళ్ళు ఉన్నాయి. తెలియని ఇళ్ళూ ఉన్నాయి. కోడలు పట్టపగలు తలుపేసుకుని పడుకుంటే చుట్టుపక్కల ఏమనుకుంటారు? చంటిబిడ్డ తల్లికి రాత్రి డ్యూటీ అంటే పాలు కట్టిన రొమ్ములతో పన్నెండు గంటలు. మా ఉద్యోగంలో రాత్రి ఆన్‌కాల్ వస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ పలకరించరు. అదొక మర్యాదగా స్థిరపడిపోయింది. అంతకంటే ఎన్నో రెట్లు బరువైన రాత్రి గడిపిన మనిషికి ఆ మర్యాద దొరకడం వాళ్ళత్త మంచితనం మీద ఆధారపడి ఉంది. ఈ మొత్తం వ్యవస్థ నిలబడి ఉన్నది ఆ పేరు లేని అత్తల మీద, అమ్మల మీద, పక్కింటి పిన్నుల మీద. వాళ్ళకి జీతం లేదు, రోస్టర్‌లో పేరూ లేదు. అత్త పడుకుంటే డ్యూటీ పడుకుంటుంది.

పెళ్ళి సంబంధాల్లో కూడా ఈ ఉద్యోగానికి రెండు ధరలు. ప్రైవేటు ఆస్పత్రిలో నర్సంటే ‘నైట్ డ్యూటీలట కదా’ అని గొంతు తగ్గించి అంటారు. అదే పిల్లకి సర్కారు పోస్టింగు వస్తే రాత్రి డ్యూటీ గురించి ఎవరూ మాట్లాడరు.

*

చట్టం ఏమీ చేయలేదని కాదు. 1961 నాటి ప్రసూతి చట్టం 12 వారాల సెలవిచ్చింది, 2017లో అది 26 వారాలైంది, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016లో వేయించిన కమిటీ కూడా స్పష్టంగా చెప్పింది: 200 మంచాలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా, 50 లోపు మంచాలున్నా కనీసం 20,000 ఇవ్వాలని. అమలు రాష్ట్రాలకి వదిలేశారు. గుంటూరు కొత్తపేట సందుల్లో ఉన్న చిన్న చిన్న నర్సింగ్ హోముల్ని చూసినవాళ్ళకి, ఆ చివరి అంకె ఎవరికోసం రాశారో ఊహించడం కష్టం కాదు.

కానీ నాకు వీటన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపించింది ఒక చిన్న పద్దు. ఎంతమంది రోగులకి ఎంతమంది నర్సులుండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలున్నాయి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు. ఆ లెక్క కింద ఇంకో మాట ఉంటుంది: 30 శాతం లీవ్ రిజర్వ్. అంటే వంద మంది కావాల్సిన చోట నూట ముప్పై మందిని పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ వందలో ఒకరికి కాన్పు అవుతుంది, ఒకరి బిడ్డకి జ్వరం వస్తుంది, ఒకరి మామకి పక్షవాతం వస్తుంది, ఒకరు అలిసిపోతారు.

మొత్తం కాగితాల్లో నర్సుకి ఒక ఇల్లుందని ఒప్పుకున్న చోటు ఆ ముప్పై శాతమే అనిపిస్తుంది. కుగ్లర్ ఆస్పత్రి ఆవరణలో దాని అవసరం రాలేదు. తర్వాతి నూరేళ్ళలో వచ్చింది. ఖాళీలు భర్తీ చేయనప్పుడు మొదట ఆవిరయ్యేది కూడా అదే. మంచం దగ్గర నర్సు లేకపోతే పేపర్లో పడుతుంది. రిజర్వులో నర్సు లేకపోతే ఏ పేపర్లోనూ పడదు. ఇంకొకరెవరో తన వారాంతపు సెలవు వదులుకుని ఆ రాత్రి డ్యూటీకి వస్తారు, వాళ్ళింట్లో ఎవరో పిల్లల్ని నిద్రపుచ్చుతారు.

త్యాగమూర్తులని మనం ఏటా మే 12న నర్సులకి దండాలు పెడతాం. త్యాగం అన్న మాట కాన్వెంటు నుంచి వచ్చింది, అక్కడ దానికి అర్థం ఉంది. వదులుకున్నవాళ్ళు తెలిసి వదులుకున్నారు. రాత్రి డ్యూటీకి టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, నిద్రపోతున్న బిడ్డని లేపకుండా గడప దాటే పాతికేళ్ళ అమ్మాయి ఏదీ వదులుకోవడానికి ఈ ఉద్యోగంలోకి రాలేదు. ఆమెకి దండం కంటే ఆ ముప్పై మంది ఎక్కువ ఉపయోగం.